27 పిక్సెళ్ల సామ్రాజ్యం

కంప్యూటర్ తెర పైఅంచున టైం, తేదీ, బ్యాటరీ శాతం చూపించే పట్టీ ఒకటి ఉండాలని మనిషన్నవాడికి అనిపించడం సహజం. కొన్న రోజునే అలాంటిది ఉండేదని, దాన్ని నేనే పీకేశానని మీరు అనొచ్చు. నిజమే. కానీ దానంతట అదే వచ్చిన పట్టీలో టైం చూసుకోవడానికీ, మూడు వారాలు చెమటోడ్చి కట్టుకున్న పట్టీలో అదే టైం చూసుకోవడానికీ తేడా లేదంటారా? కొట్లో కొన్న ఆవకాయకీ ఇంట్లో కలిపిన ఆవకాయకీ ఉన్నంత తేడా ఉంది. నా ఆవకాయ ఇంకా ఊరలేదు, అది వేరే సంగతి.

మామూలు జనం కిటికీలు ఒకదాని మీద ఒకటి పడేసుకుని, మౌస్‌తో అటు లాగి ఇటు జరిపి ఎలాగో కాలక్షేపం చేస్తుంటారు. లినక్స్‌లో కిటికీల్ని సర్దిపెట్టే టైలింగ్ విండో మేనేజర్ అనే ప్రోగ్రాం పెట్టుకున్నవాడికి ఆ ఖర్మ లేదు. మేస్త్రీ హాల్లో టైల్స్ పరిచినట్టు, తెరంతా సందు లేకుండా కిటికీలు వాటంతట అవే సర్దుకుంటాయి. రెండోది తెరిస్తే మొదటిది సగానికి ఒదుగుతుంది. మౌస్ ముట్టే పనే లేదు. దీనివల్ల రోజుకి బోలెడన్ని సెకన్లు మిగులుతాయి. అలా కూడబెట్టిన సెకన్లు ఎక్కడ ఖర్చయ్యాయో లెక్క చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ మతంలోనూ శాఖలున్నాయి. 2006లో వచ్చిన డీడబ్ల్యూఎం అనే మేనేజర్ వాళ్లు మడి కట్టుకున్నవాళ్లు. మొత్తం ప్రోగ్రాం రెండు వేల లైన్లు దాటకూడదని వాళ్ల నియమం. రంగు మార్చాలన్నా సోర్సు కోడ్ దిద్ది మళ్లీ కంపైల్ చేసి, ప్రోగ్రాంని కొత్తగా తయారుచేసుకోవాలి. కొత్తవాళ్లు వచ్చి తెలివితక్కువ ప్రశ్నలు వేయకుండా ఇదే కంచె అని తమ పేజీలో గర్వంగా రాసుకున్నారు కూడా. నాకంత నిష్ఠ లేదు. 2009లో పుట్టిన ఐ3తో సరిపెట్టుకున్నాను. దీనికి సెట్టింగులు రాసుకునే కాన్ఫిగ్ ఫైలు ఉంటుంది, కంపైల్ గొడవ లేదు. వస్తూ వస్తూ ఐ3బార్ అని ఒక పట్టీని కూడా వెంట తెచ్చుకుంటుంది. నల్లగా, సాదాగా ఉంటుంది. పెట్టీ పెట్టగానే పనిచేస్తుంది. దాని లోపమల్లా అదే.

పోయిన నెల ఒక శుక్రవారం పదకొండింటికి, ఆఫీసు మీటింగ్‌లో మైకు మ్యూట్‌లో పెట్టి, ఐ3బార్‌ని తీసేసి పాలీబార్ అనే వేరే పట్టీని ఎక్కించాను. ఇది 2016లో లెమన్‌బడ్డీ అనే పేరుతో మొదలై, తర్వాత పేరు మార్చుకుంది. పేరు మార్చాక దానికి బాగానే కలిసొచ్చింది. సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ అని ఆదేశం కొట్టగానే నిమిషంలో దిగిపోయింది. నేను సుఖపడింది ఆ నిమిషమే.

డెస్క్‌టాప్‌కి ఇలా నగిషీలు చెక్కడాన్ని ఆ లోకంలో రైసింగ్ అంటారు. జపాన్ కార్లకి పనికిరాని రెక్కలు తగిలించి తిరిగేవాళ్లని ఎగతాళి చేయడానికి పుట్టిన మాట, ఇక్కడికొచ్చేసరికి బిరుదైంది. "గదిలో ఏం చేస్తున్నావురా?" అని అమ్మ అడిగితే "రైస్ చేస్తున్నానమ్మా" అన్నాను. "మంచిపని. మూడు విజిల్సు రాగానే కట్టెయ్" అంది. ఆ రోజు మధ్యాహ్నం రెండు దాటినా ఇంట్లో అన్నం లేదు.

పాలీబార్ కాన్ఫిగ్ ఫైల్లో ఎడమ, మధ్య, కుడి అని మూడు అరలుంటాయి. కుడి అరలో బ్యాటరీ పెట్టాను. నమూనాలో ఉన్నట్టు దాని పేరు బ్యాట్0 అని రాశాను. పట్టీలో ఏమీ కనపడలేదు. నా లాప్‌టాప్‌లో ఉన్నది ఒకే బ్యాటరీ, దాని పేరు బ్యాట్1. ఒక్కగానొక్క కొడుకుని చిన్నోడా అని పిలిచినట్టు. సిస్టమ్ ఫోల్డర్లలో దిగి ఈ రహస్యం తవ్వి తీస్తుండగానే చార్జింగ్ అయిపోయి లాప్‌టాప్ ఆగిపోయింది. బ్యాటరీ ఎంతుందో చెప్పే పట్టీ లేకపోతే ఎంత అనర్థమో దీన్నిబట్టే తెలుస్తోంది కదా.

ఇక ఐ3 మొదలైనప్పుడల్లా పట్టీ కూడా మొదలయ్యేలా ఒక లైను రాశాను. పాతదాన్ని ముందు చంపి కొత్తదాన్ని లేపాలని రాయడం మరిచాను. ఐ3ని రీస్టార్ట్ చేసిన ప్రతిసారీ ఒక కొత్త పట్టీ పుట్టింది. ఐదోసారికి తెర మీద ఐదు పట్టీలు, మెట్లలా ఒకదాని కింద ఒకటి, ఐదింట్లోనూ ఒకే టైం. ఒక్కోటి 27 పిక్సెళ్లు, 1080 పిక్సెళ్ల తెరలో నలభయ్యో వంతు. తెరలో చోటు ఆదా చేయడానికే ఈ మతం పుచ్చుకున్నానని ఆ క్షణంలో గుర్తొచ్చింది గానీ, పెద్దగా పట్టించుకోలేదు.

ఫాంటు పేరు చివర సెమికోలన్ పెట్టి ఒక అంకె వేస్తే అక్షరం పైకో కిందికో జరుగుతుంది. 2 వేస్తే బ్యాటరీ బొమ్మ గాల్లో తేలినట్టుంది. 3 వేస్తే నేల్లోకి దిగబడ్డట్టుంది. ఒక ఆదివారం పూర్తిగా ఈ రెండింటి మధ్య గడిచింది.

అసలు కథ తెలుగుతో మొదలైంది. మన భాషలో వారం పేరు కనపడాలన్న అభిమానంతో లొకేల్‌ని, అంటే సిస్టమ్ భాషని, తెలుగుకి మార్చాను. తెలుగు గుణింతాలూ వత్తులూ కుదురుగా అతకాలంటే ప్యాంగో లాంటి లైబ్రరీ కావాలి. పాలీబార్ దాన్ని వాడదు, అక్షరాలని విడివిడిగా పేర్చుకుంటూ పోతుంది. మిగతా వారాలు తలకట్టు మీద గుడి ఎక్కించుకుని ఎలాగో నెట్టుకొచ్చాయి. ఏడు వారాల్లో వత్తు ఉన్నది ఒక్క శుక్రవారానికే. అది కాస్తా "శుక్‌రవారం" అయి కూర్చుంది, బళ్లో మొదటిసారి కూడబలుక్కుని చదివే పిల్లాడిలా. సంకల్పంలో చెప్పినట్టు భృగువారం అని పెట్టేద్దామా అని కూడా ఆలోచించాను. ప్యాంగో వాడే పట్టీ ఏదైనా ఉందా అని వెతికితే ఒకటి దొరికింది. ఐ3బార్. మొదటి రోజే నేను పీకి పారేసినది.

వెనక్కి వెళ్లడం పౌరుషానికి తగదు కాబట్టి ముందుకే వెళ్లాను. వారం పేరు తీసేసి, ప్రపంచంలో ఏ ప్యానెల్లోనూ లేనిది పెడదామనుకున్నాను. రాహుకాలం. సోమవారం ఏడున్నర నుంచి తొమ్మిది, మంగళవారం మూడు నుంచి నాలుగున్నర, శుక్రవారం పదిన్నర నుంచి పన్నెండు, ఇలా ఏడు వారాలకీ ఒక చిన్న స్క్రిప్టు రాశాను. నిమిషానికోసారి అది చూసుకుంటుంది. రాహుకాలం రాగానే పట్టీలో ఎర్రచుక్క వెలుగుతుంది.

నాన్నని పిలిచి చూపించాను. ఆయన తెర దగ్గరికి వంగి చూశారు.

"ఈ టైములు ఎక్కడివిరా?"

"అందరికీ తెలిసినవే కదా నాన్నా."

"సూర్యోదయం సరిగ్గా ఆరింటికి, అస్తమయం ఆరింటికి అయితేనే ఆ లెక్క. రోజూ ఆరింటికే అవుతుందా? ఆ రోజు పగలెంతో చూసి ఎనిమిది భాగాలు చేసుకోవాలి. గోడ మీద క్యాలెండర్ ఉండగా నీకెందుకింత శ్రమ?"

అంటే ఇప్పుడు మా ఊరి అక్షాంశం, రేఖాంశం తీసుకుని రోజూ సూర్యోదయం కట్టే స్క్రిప్టు రాయాలి. మరో రెండు వారాల పని. అదే చెప్పాను. నాన్న కాసేపు ఆగి అడిగారు.

"ఇంతకీ ఈ పని ఎప్పుడు మొదలెట్టావురా?"

"పోయిన నెల. శుక్రవారం, పదకొండింటికి."

నాన్న ఏమీ అనలేదు. కళ్లజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటూ హాల్లోకి వెళ్లిపోయారు.