శ్రీయుత ఫోటోమిక్ డీపీ-1 లైట్ మీటర్ గారికి (నికాన్ ఎఫ్2 ఫిల్మ్ కెమెరా నెత్తిన కూర్చుని, ఎదురుగా ఉన్నది చూపిస్తూ వెలుగు కూడా కొలిచే తల)

ఉభయకుశలోపరి. మర్యాద కోసం రాశాను గానీ, తమరి కుశలం ఏపాటిదో మొన్న ఓరుగల్లు కోటలోనే తెలిసింది. ఈరోజు హైదరాబాద్ నుంచి కొరియర్‌లో నెగెటివ్‌లు వచ్చాక అనుమానం కూడా తీరిపోయింది.

మధ్యాహ్నం కీర్తి తోరణం ఎదురుగా నిలబడ్డాను. మబ్బు తునక లేదు. ఎండ నిలకడగా ఉంది, తోరణం కాకతీయుల కాలం నుంచీ నిలకడగానే ఉంది. తమరి సూది ఒక్కటే మేడారంలో శివసత్తుకు పూనకం వచ్చినట్టు ఊగింది. లెన్స్ రింగు తిప్పి వెలుగు దూరే కంతను, అంటే అపర్చర్‌ను, 8 నుంచి 11కు తగ్గిస్తే సూది కొంచెం మైనస్ వైపు, అంటే వెలుగు తక్కువ వైపు జరగాలి, అంతే కదా? తమరిది ముందు ప్లస్ కొసకు ఎగిరింది, అక్కణ్నుంచి మైనస్ కొసకు పడింది, కాసేపు అక్కడే పడుకుంది. రింగును మళ్లీ 8కి తెస్తే ఇందాకటి చోటికి రాకుండా ఇంకెక్కడో లేచింది. ఫలితం చేతిలోనే ఉంది: ఒక ఫ్రేములో నెగెటివ్ దాదాపు ఖాళీ, పక్కదాంట్లో నలుపు తప్ప ఏమీ లేదు. రెండూ ఒకే తోరణం, ఒకే నిమిషం.

ఆన్‌లైన్‌లో తమరిని అమ్మినాయన "మీటర్ పనిచేస్తుంది" అని రాశాడు. ఫోన్ చేసి నిలదీస్తే "సూది కదులుతోంది కదా సార్" అన్నాడు. ఆ మాటకు జవాబు ఇంకా వెతుకుతున్నా.

తమరి కడుపులో ఒక గుండ్రటి కార్బన్ పట్టీ ఉంటుంది. రింగు తిప్పినప్పుడల్లా ఒక సన్నటి లోహపు కొస దానిమీద రాసుకుంటూ పోవాలి. ఏళ్ల తరబడి రాసుకుని పట్టీ అరిగింది. అరిగిన చోట కొస ఆనదు, సూదికి తల తిరుగుతుంది. ఎఫ్2 కెమెరాతో పాటు 1971లో పుట్టినవారు, అరగడం తప్పు కాదు. తయారుచేసినవాళ్లనూ ఏమీ అనను, ఇన్నేళ్లు ఏ వస్తువు ఆగింది గనక! కానీ అరిగిపోయావు కదా, తెలియదని ఒక్కసారి చెప్పొచ్చు కదా? చెప్పవు. పూర్తిగా చచ్చిన మీటర్‌తో నాకు పేచీ లేదు, దాని మాట ఎవరూ వినరు. నువ్వు సగం చచ్చి, అప్పుడప్పుడు నిజం చెప్పి నమ్మకం పుట్టించి, రీలు మధ్యలో ముంచుతావు. రీలు ధర తెలుసా నీకు? మీ కాలంలో కిరాణా కొట్లో కూడా దొరికేదేమో, ఇప్పుడు కొనేముందు ఇంట్లో ఎవరికీ చెప్పట్లేదు.

నీ తర్వాత అదే కెమెరాకు వచ్చిన నీ తమ్ముళ్ల సంగతీ చూశాను. 1973లో డీపీ-2 వచ్చి సూది తీసేసి ఎర్ర లైట్లు పెట్టింది, చీకట్లో కూడా కొలుస్తానంది. 1976లో డీపీ-3 వెలుగు కొలవడానికి సిలికాన్ కన్ను తెచ్చింది. నీది కాడ్మియం సల్ఫైడ్ కన్ను కదా, వేయిస్తంభాల గుడిలో ఎండలోంచి మండపంలోకి అడుగుపెడితే అది చీకటిని నమ్మడానికే టైం పడుతుంది. 1977లో డీపీ-11, డీపీ-12 వచ్చాక లెన్స్ మార్చిన ప్రతిసారీ దాన్ని మీటర్‌కు పరిచయం చేయడానికి రింగును ఆ కొసకూ ఈ కొసకూ తిప్పే పూజ తప్పింది. డీపీ-11లో మిగతాదంతా నువ్వే, అదే కన్ను, అదే సూది. డీపీ-12 మీద ఆశ పడ్డాను, రేటు చూసి పేజీ మూసేశాను. మీ పెద్దన్న, పాత నికాన్ ఎఫ్ కెమెరా మీద కూర్చునే 1968 నాటి ఎఫ్‌టీఎన్, ఇప్పుడెవరూ చేయని 1.35 వోల్టుల మెర్క్యురీ సెల్స్ కావాలంటాడు. నీకు వాచీల కొట్లో దొరికే రెండు బటన్ సెల్స్ చాలు, ఆ ఒక్క మంచితనం ఒప్పుకుంటా. నిన్ను ఆన్ చేయాలంటే ఫిల్మ్ తిప్పే లివర్ బయటికి లాగాలి, ఎడమ కన్నుతో చూసే నాకు అది ప్రతిసారీ నుదుట్లో పొడుస్తుంది. సరే, అదీ భరించా.

హనుమకొండలో పాత స్టూడియో నడిపిన పెద్దాయనకు నెగెటివ్‌లు చూపిస్తే ఆయన అడిగింది ఒకటే: "గింత ఎండల మీటరెందుకు బిడ్డా? అపర్చర్ పదహారు పెట్టు, రీలు మీద ఐఎస్‌ఓ నంబర్ ఎంతుంటే షట్టర్ స్పీడ్ అంత పెట్టు, కొట్టు." నీ కింద ఉన్న కెమెరాకు కూడా నీతో పని లేదు. సెకనులో 1/2000 వంతు దాకా అన్ని షట్టర్ స్పీడులూ స్ప్రింగుల మీదే నడుస్తాయి, సెల్ లేకపోయినా.

అసలు మంట ఇదీ. ఇదే కెమెరాకు మీటర్ లేని తల ఒకటుంది, డీఈ-1. ఏమీ కొలవదు, ఏ సలహా ఇవ్వదు, ఎదురుగా ఉన్నది చూపించి ఊరుకుంటుంది. సెకండ్‌హ్యాండ్‌లో దాని రేటు నీకంటే ఎక్కువ! నువ్వు నోరు మూసుకుని ఉండటానికి జనం అదనంగా డబ్బు కడుతున్నారు, అర్థమైందా? జీతం పడగానే నేనూ కడతా.

అప్పటిదాకా నువ్వే ఉండు, తల లేని కెమెరాతో చూడలేను కదా. నీ సెల్స్ రెండూ తీసి మా పాప పాడే బొమ్మలో వేశాను. బాగానే పాడుతోంది.

ఇట్లు,
ఇక నిన్ను ఏమీ అడగనివాడు