సోమరితనం ఒక్కటే కాదు
అమెరికాలోని జేమ్స్‌టౌన్‌లో వలస వచ్చి దిగిన తొలి ఇంగ్లిష్ వాళ్లు ఒళ్లు వంచని దొరబాబులు కాబట్టే ఆకలితో చచ్చారని వ్యాసంలో రాశారు. సగమే ఒప్పుకుంటాను. 1607లో దిగిన సుమారు 104 మందిలో పలుగు పట్టని వాళ్లు చాలామందే, నిజం. కానీ వాళ్లు దిగిందే కరువులో. పాత చెట్ల మానుల్లో వలయాలు చూసి, 1606 నుంచి 1612 దాకా అక్కడ వానలు సరిగ్గా లేవని తేల్చారు. అక్కడి స్థానికులైన పౌహటన్ తెగల వాళ్లకే మొక్కజొన్న చాలనప్పుడు వీళ్లకేం పెడతారు? పైగా కోట కట్టింది జేమ్స్ నదికి ఆటుపోట్లు తగిలే చోట. మాది సముద్రం దగ్గరి ఊరు. వానల్లేని ఏడాది మా బావి నీళ్లతో పప్పు ఉడకదు, టీ పెడితే పాలు విరుగుతాయి. అలాంటి ఉప్పునీళ్లే వాళ్లు నెలల తరబడి తాగారు. 1609-10 చలికాలంలో పౌహటన్లు కోటను చుట్టుముట్టాక బయటికెళ్లి వేటాడే దారీ పోయింది. గుర్రాల్ని, కుక్కల్ని, ఎలుకల్ని తిన్నారు. 14 ఏళ్ల అమ్మాయి పుర్రె మీద కత్తిగాట్లు తవ్వకాల్లో బయటపడ్డాయి, అంతకంటే చెప్పలేను. తర్వాత ఓడల్లో వచ్చి చేరిన వాళ్లను కలుపుకున్నా, వసంతానికి మిగిలింది సుమారు 60 మంది. సోమరులైతే మాత్రం, చేలో మొలకే రాని ఏడాది ఎవరు బతుకుతారండీ?