ఆఖరి గీతలో ఉన్నా సరే, ఫోన్ ఎత్తండి

మళ్లీ అదే మెసేజ్ వచ్చింది. కొత్త ఫోన్‌ని 8 గంటలు ఛార్జింగ్ పెట్టాకే వాడాలట, బ్యాటరీ మొత్తం అయిపోయాకే మళ్లీ పెట్టాలట, రాత్రంతా పెడితే ఓవర్‌ఛార్జ్ అయి పేలుతుందట, బ్యాటరీ ఆఖరి గీతలో ఉన్నప్పుడు ఫోన్ ఎత్తితే రేడియేషన్ వెయ్యి రెట్లట. కింద "మీ ఆత్మీయులందరికీ పంపండి" అని. ఇన్నాళ్లూ చూసి వదిలేశాను గానీ, మొన్న తాతయ్యకు ఒంట్లో బాగోలేదని ఊరి నుంచి ఫోన్ వస్తే బ్యాటరీ ఎర్రగా చూపిస్తోందని మా పిన్ని ఎత్తలేదు, ఛార్జింగ్ పెట్టి ముప్పావుగంట తర్వాత తిరిగి చేసింది. ఇక ఊరుకోవడం నా వల్ల కాలేదు.

అందుకే ముందు రేడియేషన్ సంగతి. ఫోన్ ఎంత బలంగా సిగ్నల్ పంపాలన్నది టవర్ ఎంత దూరంలో ఉంది, మధ్యలో గోడలేమున్నాయి అన్నదాన్ని బట్టి ఉంటుంది, బ్యాటరీ శాతానికీ దానికీ సంబంధం లేదు. పాత 2జీ ఫోన్ గరిష్ఠంగా 2 వాట్లు పంపేది, 4జీ ఫోన్ మామూలుగా 0.2 వాట్ దగ్గర ఆగిపోతుంది. 2 వాట్లకు వెయ్యి రెట్లంటే 2000 వాట్లు, అంటే బాత్రూంలో గీజర్ లాగేంత కరెంటు. 5000 ఎంఏహెచ్ బ్యాటరీలో ఉండేదే సుమారు 19 వాట్-అవర్లు, అంటే 19 వాట్లు గంటసేపు ఇవ్వగలిగేంత, ఆ లెక్కన నిండు బ్యాటరీ కూడా అర నిమిషంలో ఖాళీ అయిపోవాలి. ఆఖరి గీతలో ఉన్నది ఎక్కడి నుంచి తెస్తుంది? మన దేశంలో ఫోన్లకు రేడియేషన్ హద్దు 2012 నుంచి ఒంట్లో కిలో కండకు 1.6 వాట్లు. మీ ఫోన్‌ది ఎంతో చూడాలంటే *#07# కొట్టండి, చాలా ఫోన్లలో కనిపిస్తుంది. అది ఫోన్ పూర్తి బలంతో సిగ్నల్ పంపుతున్నప్పుడు కొలిచిన అంకె. ఫోన్ నిజంగా ఎక్కువ కష్టపడేది లిఫ్టులోనో, రైలు అడవిలోంచి పోతున్నప్పుడో, అంటే సిగ్నల్ అందనప్పుడు.

8 గంటలు, జీరో అయ్యేదాకా ఆగడం, ఈ రెండూ నికెల్ కాడ్మియం బ్యాటరీల కాలం మాటలు. వాటికి 'మెమరీ' గొడవ ఉండేది, అంటే పూర్తిగా అయిపోకముందే మళ్లీ మళ్లీ పెడితే ఛార్జ్ తక్కువ పట్టేవి, అప్పట్లో ఆ సలహాలో అర్థం ఉంది. 1991లో సోనీ అమ్మకానికి తెచ్చిన లిథియం అయాన్ రకానికి ఆ గొడవ లేదు, ఇప్పుడు మన జేబుల్లో ఉన్నవన్నీ ఆ రకానివే. పైగా రోజూ జీరో దాకా దించితే దానికి నష్టమే. 40లో ఉన్నప్పుడు పెట్టి 80లో తీసేసినా ఏమీ కాదు. చాలామంది ఎన్నిసార్లు ప్లగ్ పెడితే బ్యాటరీ ఆయుష్షులో అన్ని సైకిల్స్ అయిపోతాయనుకుంటారు, కాదు, నూరు శాతం వాడకం ఒక సైకిల్, సగం సగం చొప్పున రెండుసార్లు వాడితే కలిపి ఒక్క సైకిలే.

రాత్రంతా పెడితే? నిండగానే కరెంటు తీసుకోవడం ఆపేసే చిప్ ఫోన్‌లోనే ఉంటుంది. 2016లో శాంసంగ్ గెలాక్సీ నోట్ 7 ఫోన్లు కాలిపోయాయి నిజమే, కానీ అది బ్యాటరీ డిజైన్‌లో, తయారీలో లోపమని ఆ కంపెనీయే ఒప్పుకుంది, రాత్రి ఛార్జింగ్ పెట్టినవాళ్ల తప్పు కాదు. అయితే గంటల తరబడి నూరు శాతం మీదే ఉంచితే బ్యాటరీ కాస్త త్వరగా ముసలిదవుతుంది. సెట్టింగ్స్‌లో 80 దగ్గర ఆపే లిమిట్ ఉంటే పెట్టుకోండి.

నాకు కోపం తెప్పించేది, ఇంత పొడుగు మెసేజ్‌లో వేడి గురించి ఒక్క ముక్క లేకపోవడం. బ్యాటరీని చంపేది ఎక్కువగా అదే. ఐఫోన్‌ని 35 డిగ్రీలు దాటిన చోట వాడొద్దని ఆపిల్ చెబుతుంది, మే నెలలో విజయవాడ, రామగుండంలో నీడలోనే 40 దాటుతుంది. ఆ ఎండలో బండి హ్యాండిల్‌కి ఫోన్ తగిలించి, మ్యాప్ పెట్టుకుని, పవర్ బ్యాంక్ కూడా గుచ్చి తిరుగుతాం. దిండు కింద పెట్టి ఛార్జింగ్ చేస్తాం. వేడెక్కిందని ఫ్రిజ్‌లో పెట్టేవాళ్లూ ఉన్నారు, దయచేసి ఆ పని చేయకండి, లోపల చెమ్మ చేరుతుంది. కవర్ తీసి ఫ్యాన్ కింద పెడితే చాలు.

పిన్ని పాత ఫోన్ కూడా వేడికే పోయిందని నా అనుమానం, ఏళ్ల తరబడి పొయ్యి పక్క గట్టు మీదే ఛార్జింగ్ పెట్టేది. బల్ల మీద వెల్లకిలా పెడితే అటూ ఇటూ ఊగేది, స్క్రీన్ అంచు గోరు దూరేంత లేచిపోయి సందులోంచి వెలుతురు కనిపించేది. అలా బ్యాటరీ ఉబ్బితే నొక్కకండి, గుచ్చకండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి, స్విచాఫ్ చేసి రిపేర్ షాపులో ఇచ్చేయండి. ఛార్జర్ కొనేటప్పుడు బీఐఎస్ (సరుకుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ) గుర్తు, దాని కింద 'ఆర్'తో మొదలయ్యే నంబరు ఉన్నాయో లేదో చూడండి.

ఇదంతా పిన్నికి పక్కన కూర్చుని చెప్పాను. నిన్న సాయంత్రం తాతయ్య ఫోన్ చేసేసరికి ఆమె ఫోన్‌లో 6 శాతమే ఉంది. ఎత్తింది, అది ఆగిపోయేదాకా మాట్లాడింది.