మినీ కొంటే చాలా, పాత మెషీన్ దండగా?
మినీ కన్సోల్ (పాత వీడియోగేమ్ మెషీన్‌నే చిన్నదిగా చేసి, ఆటలు లోపలే పెట్టి అమ్మేది) వచ్చినాక ఒరిజినల్ మెషీన్‌తో పనే లేదని ఒక వ్యాసంలో రాసినారు, అది సగమే నిజం. 2017లో వచ్చిన సూపర్ నింటెండో మినీ కొనదగ్గదే: 21 ఆటలు, రెండు కంట్రోలర్లు, హెచ్‌డీఎంఐ. దానికి 5 వోల్టులు, 1 ఆంపియర్ ఇచ్చే ఫోన్ చార్జర్ పెట్టండి. టీవీ యూఎస్‌బీ చాలాసార్లు సగం ఆంపియరే ఇస్తుంది, మధ్యలో ఆగిపోతాది. టీవీలో గేమ్ మోడ్ వేయకుంటే బటన్ నొక్కినాక బొమ్మ ఆలస్యంగా కదులుతాది, తప్పు మినీది కాదు. 2018 ప్లేస్టేషన్ క్లాసిక్ మాత్రం వద్దు. 20 ఆటల్లో 9 పాల్ వెర్షన్లు, అంటే యూరప్ టీవీలకు చేసిన 50 హెర్ట్జ్‌వి, నిదానంగా నడుస్తాయి. ఇక బాతుల్ని కాల్చే తుపాకీ ఆట (డక్ హంట్) కావాలంటే ఒరిజినల్ నింటెండో మెషీనే గతి. ఆ తుపాకీ పిక్చర్ ట్యూబ్ వెలుగునే పట్టుకుంటాది, ఎల్‌ఈడీ తెర మీద పనిచేయదు. ట్యూబ్ టీవీ కర్నూలు, అనంతపురం గుజిరీ అంగళ్లలో వెతకాల్సిందే. అమెరికా నుంచి తెప్పించిన పాత మెషీన్ అడాప్టర్ 120 వోల్టులది, మన 230లో నేరుగా పెడితే కాలిపోతాది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తప్పనిసరి. పాత మెషీన్‌లో పెట్టే ఆట క్యాసెట్ ఆడకపోతే నోటితో ఊదొద్దు, ఉమ్మి తడికి పిన్నులు చిలుం పడతాయి. మన దుమ్ముకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లే మందు: దూదికి నల్లమరక అంటడం ఆగేదాకా తుడిచి, పూర్తిగా ఆరినాకే పెట్టండి. ఆట ఎక్కడిదాకా ఆడినామో ఆ సేవ్ నిలవకుంటే చాలా క్యాసెట్లలో లోపలి సీఆర్2032 బిళ్ల సెల్ అయిపోయినట్టే. రేకు ట్యాబ్‌లున్న సెల్ తెచ్చి ఆ ట్యాబ్‌లకే టంకం పెట్టించండి, సెల్ మీద నేరుగా పెడితే వేడికి పగలొచ్చు.