డిస్ట్రో పేరు కన్నా ముందు కెర్నల్ చూడండి

లినక్స్‌కు కొత్తవాళ్లకు ఏ డిస్ట్రో (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకం) అయినా ఒకటేనని ఒక వ్యాసంలో రాశారు. ఆ మాట కొత్త ల్యాప్‌టాప్ విషయంలో కుదరదు. డెబియన్ డిస్ట్రో స్థిర విడుదలైన డెబియన్ స్టేబుల్‌లో కెర్నల్ (హార్డ్‌వేర్‌ను నడిపే లినక్స్ మూల భాగం) విడుదలనాటి సిరీస్‌లోనే ఉండిపోతుంది. తర్వాత వచ్చిన వైఫై చిప్‌ను గుర్తించకపోవచ్చు. అప్పుడు బ్యాక్‌పోర్ట్స్ కెర్నల్, అంటే స్టేబుల్‌లో నడిచేలా తెచ్చిన కొత్త కెర్నల్ వేసుకోవాలి. ఫెడోరా కెర్నల్‌ను తరచూ మారుస్తుంది గానీ ఒక్కో విడుదలకు మద్దతు సుమారు 13 నెలలే. ఉబుంటు ఎల్‌టీఎస్‌ (దీర్ఘకాల మద్దతు విడుదల)కైతే 5 ఏళ్లు. ఏదైనా సరే, లైవ్ యూఎస్‌బీలో (ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి నడిపి) వైఫై, సౌండ్, ముఖ్యంగా మూత వేసి తీశాక ల్యాప్‌టాప్ మేలుకుంటుందో లేదో చూశాకే ఇన్‌స్టాల్ చేయండి.

సాయం అడిగేటప్పుడు ఉత్త "వైఫై రావట్లేదు" అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. డిస్ట్రో వెర్షన్, టెర్మినల్‌లో 'యూనేమ్ -ఆర్' (uname -r) కమాండ్ చూపే కెర్నల్ వెర్షన్, 'ఎల్ఎస్‌పీసీఐ -కే' (lspci -k) ఇచ్చే హార్డ్‌వేర్ వివరాలు పెట్టండి, ఫొటో తీసి కాదు, టెక్స్ట్‌గా. ఏ డ్రైవర్ (హార్డ్‌వేర్‌ను నడిపే ప్రోగ్రామ్) నడుస్తోందో అందులోనే తెలుస్తుంది. ఎన్విడియా గ్రాఫిక్స్ డ్రైవర్ పనిచేయకపోతే ముందు సెక్యూర్ బూట్ (కంప్యూటర్ ఆన్ అయ్యేటప్పటి భద్రతా తనిఖీ) సంగతి చూడండి: డిజిటల్ సంతకం లేని కెర్నల్ మాడ్యూల్‌ను (ఆ డ్రైవర్ లాంటి భాగాన్ని) అది లోడ్ కానివ్వదు.