చప్పట్లు సరే, అడ్వాన్స్ ఏది?

మధ్య అమెరికా దేశం గ్వాటెమాలాలో మాయా తెగ ఆదివాసీ మహిళలు వాడే నడుము మగ్గానికి గుంటా ఉండదు, చట్రమూ ఉండదు. పడుగు ఒక కొసను చెట్టుకో స్తంభానికో కడతారు. రెండో కొసకున్న పట్టీని నడుముకు చుట్టుకుంటారు. నేసే మనిషి వెనక్కి వాలితే దారాలు బిగుస్తాయి, ముందుకు వంగితే వదులవుతాయి. ఎంత బిగువు కావాలో తేల్చేది ఆమె నడుమే. విపీల్ అనే సంప్రదాయ రవిక ఒక్కటి పూర్తి కావడానికి నెలలు పట్టవచ్చు. ఆ డిజైన్‌ను ఫొటో తీసి మిషన్ మీద అచ్చు వేసేవాడికి ఒక్క పూట చాలు.

ఆదివాసీ మహిళల చేతివృత్తి వ్యాపారాల ప్రస్తావన వస్తే చాలు, వాళ్ల మొక్కవోని ధైర్యం గురించి అందరూ మాట్లాడతారు. అవార్డులు ఇస్తారు, ఫొటోలు దిగుతారు. ధైర్యం నిజమే, కాదనం. కానీ దారం, రంగు, మట్టి ముందే కొనుక్కోవాలి, డబ్బు మాత్రం సరుకు వెళ్లిన ఎన్నో నెలలకు గానీ రాదు. ఆ మధ్యకాలాన్ని ఆమె అప్పుతో నెట్టుకొస్తుంది. కొనేవాళ్లు సమయానికి చెల్లించకపోవడానికి మనం పెట్టుకున్న ముద్దుపేరు ‘ఆమె ఓర్పు’.

అసలు నాయకత్వం కనిపించేది వేరే చోట. 2016లో గ్వాటెమాలా నేత మహిళలు తమ డిజైన్లపై సామూహిక హక్కు కోరుతూ రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లారు. మరుసటి ఏడాది కోర్టు, ఇందుకు చట్టం చేయాలని చట్టసభకు సూచించింది. ఈ మహిళలు పట్టుకున్న చిక్కుముడి చిన్నదేమీ కాదు. కాపీరైట్‌కు సాధారణంగా సృష్టికర్త పేరు కావాలి, హక్కు ఎప్పుడు ముగుస్తుందో తేలాలి. అమ్మమ్మ దగ్గర అమ్మ, అమ్మ దగ్గర కూతురు నేర్చుకున్న అల్లికకు ఎవరి పేరు రాస్తారు? ఏ తేదీ వేస్తారు?

మధ్య ఆస్ట్రేలియా ఎడారి మహిళలది ఇంకో దారి. వాళ్లు 1980లోనే సొంత మహిళా మండలి పెట్టుకున్నారు. 1995లో దాని ఆధ్వర్యంలో బుట్టల అల్లిక మొదలైంది. అదే ఇవాళ్టి ‘జాంపి’ సంస్థ. జాంపి అంటే గడ్డి. గడ్డి కోసుకురావడం, పిల్లల్ని వెంటేసుకుని తిరగడం, తమ నేలను చూసుకోవడం అన్నీ ఒకే ప్రయాణంలో సాగిపోతాయి. సంస్థ మనుషులే మారుమూల ఊళ్లకు వెళ్లి ముడిసరుకు ఇస్తారు, అల్లినవి కొంటారు. 2005లో ఈ మహిళలు గడ్డితో అసలు సైజులో టయోటా బండి చేసి జాతీయ ఆదివాసీ కళా పురస్కారం కొట్టేశారు. ‘పాపం, బుట్టలు అల్లుకునేవాళ్లు’ అనుకునేవారు ఆ బండి ఫొటో ఒకసారి చూడాలి.

అదే ఆస్ట్రేలియాలో ఆదివాసీ శైలి పేరుతో అమ్ముడయ్యే సావనీర్లలో సగానికి పైగా నకిలీవేనని అక్కడి ప్రభుత్వ సలహా సంస్థ ప్రొడక్టివిటీ కమిషన్ 2022లో తేల్చింది. మెక్సికో అదే ఏడాది ఆదివాసీ సాంస్కృతిక వారసత్వ రక్షణకు చట్టం తెచ్చింది. కాపీరైట్, పేటెంట్ లాంటి హక్కులు చూసే ఐక్యరాజ్యసమితి విభాగం, ప్రపంచ మేధో సంపత్తి సంస్థ, సంప్రదాయ జ్ఞానం, కళల రక్షణపై 2000లోనే కమిటీ వేసింది. 2024 మేలో ఒప్పందం కుదిరింది గానీ, అది మొక్కలు, విత్తనాల లాంటి జన్యు వనరులకు, వాటితో ముడిపడిన సంప్రదాయ జ్ఞానానికి మాత్రమే. నేత నమూనాలు, అల్లికలు అందులో లేవు. ఇరవై నాలుగేళ్ల తర్వాత కూడా ఇదీ సంగతి!

ఇలాంటి ఒప్పందాల మీద సంతకాలు అయ్యేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. ఆర్డర్ ఇచ్చిన రోజే సగం డబ్బు ఇవ్వాలి, మిగతాది సరుకు అందిన రోజే చెల్లించాలి. ప్రభుత్వ ఎంపోరియంలతో మొదలుపెట్టి, పెద్ద బ్రాండ్ల దాకా ఈ షరతు రాతపూర్వకంగా ఉండాలి. చెల్లింపు ఆలస్యమైతే వడ్డీ కూడా కొన్నవారే కట్టాలి, నేసినావిడ కాదు.