నూటికి ముప్ఫై రూపాయల వడ్డీ

ఆ నెల మొదటి శనివారం సాయంత్రం మా వీధి చివరి ఏటీఎంలో పదివేల రూపాయల కోసం కార్డు పెట్టి, పిన్ను నొక్కి, లోపల నోట్లు లెక్కపెడుతున్న గరగర శబ్దం విని ఆశగా చేయి చాచి నిలబడ్డాను. ఒక చీటీ తప్ప ఏమీ రాలేదు. ఖాతాలోంచి సొమ్ము పోయిందన్న సందేశం మాత్రం నేను చేయి వెనక్కి తీసుకునేలోపే ఫోనుకు చేరింది.

సోమవారం బ్యాంకుకు వెళితే, కౌంటరులోని ఆయన నా అర్జీని అటూ ఇటూ తిప్పి, "పది పన్నెండు పనిదినాలు పడుతుందండీ, మధ్యలో రెండో శనివారం కూడా వస్తోంది" అన్నారు, ఆ శనివారాన్ని నేనే తెచ్చిపెట్టినట్టు.

ఇంటికొచ్చి వెతికితే, రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులోనే ఈ సంగతి తేల్చేసిందని తెలిసింది. ఏటీఎం ఇవ్వకుండా మింగిన సొమ్మును, లావాదేవీ జరిగిన తేదీ నుంచి 5 రోజుల్లోగా, ఖాతాదారు అడగకపోయినా తిరిగి జమ చేయాలి; ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలి; లెక్క క్యాలెండరు రోజులదే గానీ పనిదినాలది కాదు.

అదంతా విన్న మా ఆవిడ కళ్లు మెరిశాయి. "పదివేలకు రోజుకు నూరంటే, నెలకు నూటికి ముప్ఫై రూపాయల వడ్డీ కదండీ!" అంది. మా ఊళ్లో ఐదు రూపాయల వడ్డీకి అప్పిచ్చేవాడినే జలగ అంటారు.

గురువారంతో గడువు ముగిసింది. శుక్రవారం నుంచి ఆమె, ఆ బ్యాంకువాళ్లే ఉచితంగా ఇచ్చిన క్యాలెండరు మీద, రోజుకొక ఎర్ర గీత గీస్తూ వచ్చింది. నేను బ్యాంకు వైపు వెళ్లడం మానేశాను, నన్ను చూసి ఎక్కడ తొందరపడతారోనని. ముప్ఫై రోజులు జవాబు రాకపోతే, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి అయిన అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు చేయవచ్చని చెబితే, "అప్పుడే చేద్దురు గాని, ఇప్పుడేం తొందర?" అంది. అప్పటికే కొత్త మిక్సీ ధర కనుక్కుని వచ్చింది.

నాలుగో గీత గీసిన సోమవారమే పదివేలూ ఖాతాలో పడ్డాయి. నాలుగు వందల పరిహారం పడలేదు. వెళ్లి అడిగితే, దానికి వేరే అర్జీ పెట్టమని, పది పన్నెండు పనిదినాలు పడుతుందని అన్నారు.

"అయితే ఆ నాలుగు వందలు ఆలస్యమైనందుకు మళ్లీ రోజుకు నూరిస్తారేమో కనుక్కోండి" అని మా ఆవిడ నన్ను మర్నాడు మళ్లీ పంపింది. కౌంటరులోని ఆయన నన్ను గుమ్మంలోనే చూసి, పదకొండింటికే 'భోజన విరామం' బోర్డును ముందుకు జరిపారు.